రంపపు బల్ల కింది ఇంజిన్

కులానా ఊళ్ళో క్లారీ ట్రెమ్‌బాత్ చేయి తగలని పాత హోల్డెన్ కారు లేదు. ముప్పై ఏళ్ళు నిండేలోపు నలభై మూడు బండ్లను గుద్ది చంపాడు. ముప్పై దాటాక తొమ్మిదింటిని బతికించాడు. ఈ రెండు లెక్కలూ ఊరందరికీ నోటికి వచ్చు. వ్యవసాయ ప్రదర్శన మైదానంలో జరిగే గుద్దుల పోటీలో నాలుగేళ్ళు వరసగా కప్పు గెలిచినవాడు యార్క్ ద్వీపకల్పం మొత్తానికి అతనొక్కడే. ఆ నాలుగేళ్ళలో ఎడమ మెడ ఎముక రెండుసార్లు, ముక్కు మూడుసార్లు, కుడి చేతి చిటికెన వేలు ఒకసారి విరిగాయి. ఒక్కసారి కూడా బండి ఆగకుండా తను దిగలేదు.

చదివింది ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా. రేకు పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా అతుకుల మీద సీసం పామడంలో అతని చేయి చూడటానికి అడిలైడ్ నుంచి మనుషులు వచ్చేవారు. సీసం కడ్డీని మంటలో మెత్తబరిచి, గొర్రె కొవ్వు రాసిన చెక్క పలకతో, రొట్టె మీద వెన్న రాసినట్టు పామాలి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే సీసం కారి పాదం మీద పడుతుంది. క్లారీ ఎడమ పాదం మీద అలాంటి మచ్చలు పదకొండు. డబ్బాలో దొరికే పుట్టీ పెట్టి పని కానిచ్చే వాళ్ళను అతను మనుషుల్లో కలపలేదు.

బతికించే పని మెత్తని పని అనుకునేవాళ్ళు అతని షెడ్డుకు వెళ్ళి చూడలేదు. ఒక బండి లేవాలంటే రెండు బండ్లు చావాలి. పొలం గట్టున పడి ఉన్నవాటిని గొలుసు కట్టి ఈడ్చుకొచ్చి, గ్యాస్ మంటతో నడుములు కోసి, తలుపులు విరిచి, అడుగు రేకు ఒలిచేవాడు. షెడ్డు వెనక మొండేలు గుట్టగా పడి ఉండేవి. లోపల దీపపు వెలుగులో ఒక్క బండి మాత్రం పెళ్ళికూతురిలా మెరిసేది.

గుద్దుల పోటీ సంగతి తెలిస్తేనే ఈ మనిషి తెలుస్తాడు. ఇరవై ముసలి బండ్లు, నీళ్ళు పోసి బురద చేసిన మైదానం. అద్దాలు పీకేస్తారు. గంట కొట్టగానే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరికి ఏది కదులుతుంటే అదే గెలిచినట్టు. అందులో ఉన్నది ఒకే ఒక్క కట్టుబాటు. డ్రైవరు కూర్చునే కుడి తలుపుకు తెల్ల రంగు వేస్తారు. ఎంత కోపంలో ఉన్నా, ఎంత తాగి ఉన్నా, ఆ తెలుపును కొట్టకూడదు. కొడితే పోటీలోంచి తీసేస్తారు. తీసేయడం పెద్ద శిక్షేమీ కాదు. ఊళ్ళో వాడి పక్కన బారులో ఎవరూ నిలబడకపోవడమే అసలు శిక్ష.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, ఐదో కప్పుకు వారం ముందు, హోటల్ బయట రెగ్ నాన్‌కారో క్లారీని కొట్టాడు. రెగ్ బార్లీ రైతు. అతని చెల్లెలు బెరిల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసేది. క్లారీతో తిరిగేది.

"మా చెల్లి వైపు ఇంకోసారి చూశావంటే పళ్ళు నేల మీద ఏరుకుంటావ్," అన్నాడు రెగ్.

"చూశాను. చూస్తూనే ఉంటాను. ఏం చేస్తావ్ బావా?"

ఒకే గుద్దుకు ముందు పళ్ళు రెండు రాలాయి. క్లారీ వంగి వాటిని నిజంగానే ఏరుకున్నాడు. ఎర్రటి నోటితో నవ్వాడు.

"శనివారం మైదానంలో కలుద్దాం బావా."

శనివారం చివరికి రెండే బండ్లు మిగిలాయి. రెగ్ బండి వెనక చక్రం బురదలో దిగబడి అడ్డంగా ఆగింది. దాని కుడి వైపు క్లారీకి ఎదురుగా ఉంది. క్లారీ బండి ముందు భాగం పగిలి వేడి ఆవిరి ఎగజిమ్ముతోంది. ఆ ఆవిరి ఒక్క క్షణం విడిపోయింది. విడిపోయినప్పుడు తెల్ల తలుపు కనపడింది, తలుపు మీదుగా రెగ్ మొహం కనపడింది. క్లారీ ఎక్సలరేటరు మీది నుంచి కాలు తీయలేదు. కాలు ఇంకా తొక్కాడు.

రెగ్‌ను బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. తలుపు రేకు తొడలోకి మడతపడి ఉంది. అతను అరిచిన అరుపు గొర్రెల పాకల దాకా వినపడింది. కుడి కాలు దక్కింది కానీ రెండంగుళాలు పొట్టిదైంది, మోకాలు మళ్ళీ వంగలేదు.

విచారణలో క్లారీ చెప్పింది ఒకే మాట. "ఆవిరి కమ్మేసింది. కనపడలేదు."

పెద్దమనుషులు నమ్మారు. బెరిల్ కూడా నమ్మింది. నమ్మడమే కాదు, తల్లి ముందు నిలబడి ఆ మాట కోసం కొట్లాడింది. తల్లి ఆమె బట్టలు తీసి వాకిట్లోకి విసిరేసింది. మరుసటి మార్చిలో చాపెల్‌లో, ఊరి చిన్న చర్చిలో, క్లారీతో పెళ్ళి జరిగితే నాన్‌కారో వాళ్ళ వైపు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఆ తల్లి ఎనభై ఒకటిలో చనిపోయింది. చనిపోయేదాకా కూతురి మొహం చూడలేదు. రెగ్ కూడా చెల్లెలిని పలకరించలేదు.

క్లారీ మళ్ళీ గుద్దుల పోటీకి పోలేదు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, బతికించడంలో ఎక్కువ మజా ఉందిరా అనేవాడు. అది అబద్ధం కూడా కాదు. ఇరవై ఏళ్ళలో తొమ్మిది బండ్లు. ఒక్కొక్కటీ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా. నాలుగు జిల్లాల పాత బండ్ల ప్రదర్శనల్లో మొదటి రిబ్బను ఆరుసార్లు. షెడ్డు గోడకు వాటిని మేకులు కొట్టి వేలాడదీశాడు.

తొంభై రెండులో పదో బండి దొరికింది. యాభై ఐదో సంవత్సరపు హోల్డెన్ ఎఫ్‌జే. ఒక రైతు కోళ్ళ పాకలో పడి ఉంటే కోళ్ళు దాంట్లో గుడ్లు పెడుతున్నాయి. ఆ రైతు తుపాకీ గురి చూసుకోవడానికి దాన్నే వాడినట్టున్నాడు, ఎడమ వైపు పదిహేడు తూటా రంధ్రాలు ఉన్నాయి. ఇంజిన్ లేదు. క్లారీ మోకాళ్ళ మీద కూర్చుని రెట్టలు గోకి, బండి నంబరు పలక చూశాడు. ఇంటికొచ్చి బెరిల్ పెట్టెలో ఉన్న పాత రిజిస్ట్రేషను పుస్తకం తీసి పోల్చాడు. అది బెరిల్ తండ్రి విల్ఫ్ నాన్‌కారో కొత్తగా కొన్న బండి. బెరిల్ డ్రైవింగు నేర్చుకున్న బండి.

పదకొండేళ్ళు పట్టింది దానికి. పదిహేడు రంధ్రాలూ ఒక్కొక్కటిగా పూడ్చాడు. తుప్పు తిన్న అడుగు మొత్తం కొత్త రేకుతో కట్టాడు. లేత పసుపు, దాని మీద గోధుమ రంగు. బెరిల్ షెడ్డులోకి వచ్చి సీటు మీద చెయ్యి వేసి, "మా నాన్న పొగాకు వాసన ఒక్కటే తక్కువ," అంది.

తక్కువైంది అదొక్కటే కాదు. ఇంజిన్ మీద ఫ్యాక్టరీ కొట్టిన నంబరు ఒకటి ఉంటుంది. పుస్తకంలో ఉన్న నంబరూ, ఇంజిన్ మీదదీ ఒక్కటైతేనే ఆ బండి ఆ బండి. లేకపోతే ఎంత మెరిసినా అతుకుల బొంత. ఇంకో ఇంజిన్ తెచ్చి దాని నంబరు అరగదీసి కొత్త నంబరు గుద్దే దొంగలు ఉన్నారు. అలాంటివాడొకడు షెడ్డుకు వచ్చి, "ఎవడు చూడొచ్చాడు తాతా," అన్నాడు. క్లారీ వాడి కాలరు పట్టి గేటు దాకా ఈడ్చుకెళ్ళి, గేటు తీయకుండానే అవతలికి విసిరాడు. అప్పటికి అతనికి అరవై రెండు.

అసలు ఇంజిన్ ఎక్కడుందో అందరికీ తెలుసు. ఊరికి ఆరు మైళ్ళలో, రెగ్ నాన్‌కారో పెరట్లో, రంపపు బల్ల కింద. మాలీ చెట్ల మొద్దులు కోసే రంపాన్ని ముప్పై రెండేళ్ళుగా అదే తిప్పుతోంది.

రెండువేల మూడు ఫిబ్రవరిలో, ఆ దేశపు నడి ఎండాకాలంలో, కోతలు అయిపోయాక, క్లారీ అక్కడికి వెళ్ళాడు. ఉత్తరపు గాలి నిప్పులా కొడుతోంది. రెగ్ రంపం ఆపాడు. ఊతకర్ర అందుకుని, లేవకుండా కూర్చున్నాడు.

"ఏం బావా, ముప్పై నాలుగేళ్ళకి దారి గుర్తొచ్చిందా? లేచి ఎదురొద్దామంటే కాలు రావట్లేదు. ఎందుకో నీకు తెలుసనుకుంటా."

"ఆ ఇంజిన్ కావాలి రెగ్."

"ఏ ఇంజిన్?"

"నీ పక్కనున్నది. మీ నాన్న బండి నా దగ్గరుంది. అంతా అయిపోయింది, అదొక్కటే మిగిలింది. తల ఒకచోట మొండెం ఒకచోట ఎందుకు పడుండాలి? బెరిల్ కోసమైనా ఇవ్వు."

"తల నేనెందుకు నరికానో అడగవేం అందగాడా? డెబ్భై ఒకటిలో ఆ బండెక్కి బ్రేకు తొక్కబోతే మోకాలు వంగలా. బ్రేకు తొక్కలేనివాడికి బండెందుకు? అందుకే ఇంజిన్ పీకి, ఖాళీ బండి అమ్మేశాను."

క్లారీ వంగి ఇంజిన్ పక్కన మసి తుడిచాడు. నంబరు చూశాడు. పుస్తకంలోదే. అతని చేయి తనంతట తానే వెనక జేబులోని పానా మీదికి వెళ్ళింది.

రెగ్ ఊతకర్ర గాలిలో తిరిగి అతని మణికట్టు మీద పడింది. పానా ఎగిరి పోయింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. క్లారీ తల వంచి ముందుకు దూకి రెగ్ మొహాన్ని తన నుదుటితో గుద్దాడు. కుర్చీ విరిగింది. ఇద్దరూ రంపపు పొట్టులో పడి దొర్లారు. రెగ్ అతని చెవిని పళ్ళతో పట్టుకున్నాడు. క్లారీ బొటనవేలు రెగ్ గొంతు గుంటలో దిగింది. అరవై నాలుగేళ్ళవాడూ అరవై ఆరేళ్ళవాడూ, ఇద్దరి నోళ్ళ నిండా నెత్తురు, చెక్కపొట్టు. ఊపిరి అందక వాళ్ళంతట వాళ్ళే విడిపోయారు.

రెగ్ ఉమ్మేసి, కుక్కలా రొప్పుతూ నవ్వాడు.

"ఇస్తా బావా. ఇవ్వనని ఎవడన్నాడు? రెండు దార్లున్నాయి. ఒకటి, ఆదివారం బెరిల్‌ని తీసుకొచ్చి దాని ముందు చెప్పు, ఆరోజు తలుపు నీకు కనపడిందని. చెప్పావా, నట్లు కూడా నేనే విప్పి ఇస్తా."

"నాకు కనపడలేదు."

"అయితే రెండోది. మా నాన్న బండి తలుపుకి తెల్ల రంగేసి తీసుకురా. దాంట్లో నువ్వు కూర్చో. అదిగో, ఆ బండితో ఒక్క దెబ్బ కొడతా. ఇరవై మైళ్ళ వేగం, అంతకంటే ఎక్కువ పోను. తర్వాత ఇంజిన్ నీది, మాటంటే మాటే."

అతను చూపించింది పొలంలో తిప్పే, వెనక సామాను తొట్టి ఉన్న పాత వాలియంట్ యూట్. గేర్లు వాటంతటవే పడే రకం, అందుకే ఎడమ కాలితో నడపగలడు. మొద్దులు నెట్టడానికి ముందు భాగానికి రైలు పట్టా ముక్క వెల్డింగు చేసి ఉంది.

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టి ముప్పై నాలుగేళ్ళైంది. ఎంతసేపు ఆలోచిస్తావ్?"

మూడు రోజులు ఆలోచించాడు క్లారీ. ఎవరికైనా ఇది ఆలోచించాల్సిన సంగతే కాదు. పాత బండ్ల మనిషికే ఇలా తోస్తుంది. రేకు ఎంత నలిగినా మళ్ళీ లేస్తుంది. లోపల ఇనప దిమ్మ ఆనించి పైన సుత్తితో కొడుతూ పోతే మూడు వారాల్లో ఆ తలుపు తలుపవుతుంది. అలాంటివి ఎన్ని లేపలేదు? నంబరు ఒక్కటే మనిషి చేతుల్లో తయారు కాదు. ఇక నోటి మాట సంగతి. ముప్పై మూడేళ్ళుగా పక్కన పడుకున్న మనిషికి ఆ మాట చెప్పడం కంటే రేకు దెబ్బ తేలిక అనిపించింది. ఈ లెక్కలో తన ఎముకలను అతను వేసుకోలేదు.

బెరిల్‌తో సగమే చెప్పాడు. "మీ అన్న ఇంజిన్ ఇస్తానన్నాడు. ఆదివారం బండి అక్కడికే తీసుకెళ్దాం."

బెరిల్ చేతిలోని పిండి అలాగే ఉండిపోయింది. "అన్నయ్యా? తనంతట తనే?"

"ఊఁ."

ఆమె ఏడుస్తూ పిండిలో మాంసం కూరి పన్నెండు పాస్టీలు చేసింది, బంగాళాదుంపలు పల్చగా తరిగి, అన్నకు ఇష్టమైనట్టు మిరియాలు దండిగా వేసి.

ఆదివారం చాపెల్ అయ్యాక ట్రైలరు మీద ఎఫ్‌జే‌ను తీసుకొచ్చి కోత కోసిన పొలంలో దించారు. క్లారీ కుడి తలుపు తెల్లబరిచాడు, అయితే రంగుతో కాదు, సున్నంతో. సున్నమైతే కింది పసుపు రంగు పాడవదు, కడిగితే పోతుంది. ఇంకో పావుగంటలో నలగబోయే తలుపు మీద రంగు పాడవకూడదని చూసుకున్నాడు! సీటుకూ తలుపుకూ మధ్య ఉన్ని మూటలు రెండు దోపాడు. పాత అలవాటు కొద్దీ మధ్యకు జరిగి కూర్చున్నాడు.

"తలుపుకు ఆ సున్నమేంటి క్లారీ? ఇంజిన్ ఇంటి దగ్గరుంటే బండి పొలంలో ఎందుకు పెట్టావ్?" బెరిల్ గేటు దగ్గర పాస్టీల పళ్ళెంతో నిలబడి అడిగింది.

"నువ్వక్కడే ఉండు. ఇటు రావద్దు."

వాలియంట్ ఇంజిన్ గుర్రుమంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. పళ్ళెం పడేసి పరిగెత్తింది.

రెగ్ చెప్పిన మాట తప్పలేదు, ఇరవై మైళ్ళ కంటే ఎక్కువ రాలేదు. చివర్లో కాలు తీయనూ లేదు. రైలు పట్టా తెల్ల తలుపు నడిమధ్యన దిగింది. ఎఫ్‌జే పక్కకు మూడు గజాలు నెట్టుకుపోయి, ఎడమ చక్రాలు కొయ్యకాళ్ళలో గుచ్చుకుని, ఒక క్షణం ఒరిగి మళ్ళీ పడింది. అద్దం పొడై క్లారీ మెడలోకి దూరింది. ఉన్ని మూటలు పిడికెడైపోయాయి. తుంటిలో ఏదో ఎండుకొమ్మలా విరిగిన చప్పుడు అతను చెవులతో కాక పళ్ళతో విన్నాడు. మరుక్షణం ఊపిరి తీసుకోబోతే పక్కటెముకలు ఊపిరిని పొడిచాయి.

బెరిల్ యూట్ వెనక ఉన్న గడ్డపార లాక్కుని తలుపు సందులో దూర్చింది. అరవై దాటిన మనిషి, బలంకొద్దీ వేలాడింది. తలుపు కదల్లేదు. క్లారీ నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది.

రెగ్ కుంటుకుంటూ దిగి వచ్చాడు. కిటికీలోకి వంగాడు.

"అయ్యో బావా, దెబ్బ తగిలిందా? దుమ్ము కమ్మేసిందిరా. కనపడలేదు."

బెరిల్ గడ్డపార తలుపులోంచి ఊడబెరికింది.

"కనపడలేదా? కళ్ళు తెరుచుకుని వచ్చావ్! నేను చూశాను! హంతకుడా! ఆయన నిన్ను చూడక గుద్దాడు. నువ్వు చూసి చూసి గుద్దావ్! ఆయన కోసం అమ్మని వదులుకున్నా, ఇల్లు వదులుకున్నా, అయినా నువ్వు మంచివాడివనే అనుకున్నానే ఇన్నాళ్ళూ!"

మొదటి దెబ్బ రెగ్ భుజం మీద పడింది. అతను పడ్డాడు. వంగని కాలు పక్కకు చాచుకుని, చేతులు అడ్డం పెట్టుకోకుండా, చెల్లెలినే చూస్తున్నాడు. ఆమె గడ్డపార రెండు చేతులతో తల పైకెత్తింది. ఈసారి తల మీదే పడుతుంది. కిటికీలోంచి క్లారీకి అది స్పష్టంగా తెలిసింది. నోరు మూసుకుంటే రెగ్ పోతాడు. తనకు ఇంజినూ మిగులుతుంది, అబద్ధమూ మిగులుతుంది.

"బెరిల్!" పక్కటెముకలు చీల్చుకుని వచ్చింది గొంతు. "ఆపు. నాకు కనపడింది."

గడ్డపార గాలిలో ఆగింది.

"ఏం కనపడింది?"

"ఆరోజు. తలుపు. తెల్లగా కనపడింది. లోపల మీ అన్న మొహం కనపడింది. నేను కాలు తీయలా. ఇంకా తొక్కాను."

రెగ్ కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"విన్నావా చెల్లీ," అన్నాడు చివరికి. "నాకు ఇంకేం అక్కర్లేదు."

బెరిల్ గడ్డపార దించింది. అయితే నేల మీదికి కాదు. ఎఫ్‌జే ముందు మూత మీదికి. పదకొండేళ్ళ పని మీదికి. ఒకటి, రెండు, మూడు. ప్రతి దెబ్బకూ బండి అదిరి క్లారీ కేక పెట్టాడు. ఆమె ఆగలేదు. నాలుగోది కొట్టి గడ్డపార దూరంగా విసిరేసి, అన్న ఇంట్లోకి వెళ్ళి అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆ ఇంటి గడప ఆమె ముప్పై నాలుగేళ్ళ తర్వాత తొక్కింది.

తుంటి రెండు చోట్ల పగిలింది, పక్కటెముకలు నాలుగు. ఊపిరితిత్తికి చిల్లు పడింది. ఆస్పత్రిలో పదకొండు వారాలు. పోలీసు అడిగితే, గడ్డి మీద బ్రేకు జారింది అన్నాడు క్లారీ. రెగ్ కూడా అదే అన్నాడు. పోలీసు ఇద్దరినీ మార్చి మార్చి చూసి పుస్తకం మూశాడు.

రెగ్ మాట నిలబెట్టుకున్నాడు. అక్కడ చలికాలం మొదలయ్యే మే నెలలో భుజానికి కట్టుతోనే ఇంజిన్‌ను యూట్ మీద తెచ్చి, క్లారీ షెడ్డులో గొలుసుకు తగిలించి వెళ్ళిపోయాడు. ఆ చలికాలం అతను మొద్దులు గొడ్డలితో చీల్చుకున్నాడు.

బెరిల్ ఇల్లు వదలలేదు. ముందు గదిలోకి మారింది, అంతే. క్లారీ కర్రల మీద ఇంటికొచ్చిన రోజు షెడ్డు దాకా అతనితో పాటు నడిచి, బండి ముందు నిలబడింది.

"ముందు మూత నేను కొట్టింది. అది బాగు చేసుకో. బండి నడవడానికి లోపల ఏం సరిచేయాలో చేసుకో. ఇంజిన్ పెట్టుకో. ఆ తలుపు మాత్రం ముట్టుకోకు."

"మూడు వారాల పని బెరిల్. ఎక్కడ నలిగిందో కూడా తెలియకుండా చేస్తా."

"తెలియకుండా చేస్తావనే వద్దంటున్నా. దాని మీద సుత్తి చప్పుడు వినపడిందంటే మా అన్న ఇంటికి పోతా. ఇంకో మాట. ఆ తలుపుకేమైందని ఎవరడిగినా చెప్పాలి. ఆదివారం నాటిది కాదు, అరవై తొమ్మిదిదే చెప్పాలి."

"ఊళ్ళో అందరికీనా?"

"అడిగినవాళ్ళకి."

బండి పొలంలో ఉన్నన్నాళ్ళలోనే సున్నం వానకు దానంతట అదే పోయింది. మిగతా బండిని క్లారీ కర్రల మీద నిలబడే పూర్తి చేశాడు. ఇంజిన్ విప్పి, తండ్రీకొడుకుల మసి రెండూ కడిగి, లోపలివన్నీ మార్చాడు. నంబరు ఉన్న చోటు మాత్రం ఒట్టి గుడ్డతో తుడిచాడు. మొదటిసారి తిరిగినప్పుడు అది దగ్గలేదు, నీళ్ళు తాగినంత తేలిగ్గా తిరిగింది. పక్కన ఎవరూ లేరు చూడటానికి.

మరుసటి ఏడు ఊరి మైదానంలో జరిగే అక్టోబరు ప్రదర్శనకు బండి తీసుకెళ్ళాడు. న్యాయనిర్ణేత మోర్నా షీడీ అని పోర్ట్ పిరీ నుంచి వచ్చినావిడ. మెత్తగా మాట్లాడుతుంది, ఒక్క మర కూడా వదలదు. మూత ఎత్తి, టార్చి వేసి, పుస్తకంతో నంబరు పోల్చింది. మళ్ళీ పోల్చింది.

"ఒక్కటే. క్లారెన్స్ గారూ, ఇలాంటిది నేను పదిహేనేళ్ళలో చూడలేదు. ఈ సీసం పని చూస్తే..." అంటూ బండి చుట్టూ తిరిగి కుడి వైపుకొచ్చి ఆగిపోయింది. నడిమికి విరిగిన తలుపు, పగిలిన పసుపు, మడతల్లో ఎర్రగా మొదలైన తుప్పు. "ఇదేమిటి? రవాణాలో తగిలిందా?"

చుట్టూ క్లబ్బు వాళ్ళు పదిమంది ఉన్నారు. అవతలి కంచె దగ్గర, ఊతకర్ర మీద వాలి, రెగ్ నిలబడి ఉన్నాడు. మడత కుర్చీలో కూర్చున్న బెరిల్ ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. తలెత్తలేదు.

ఆరు రిబ్బన్ల మనిషి, నాలుగు కప్పుల మనిషి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రవాణా కాదమ్మా. అరవై తొమ్మిదిలో ఇదే మైదానంలో, గుద్దుల పోటీలో, రెగ్ నాన్‌కారో తెల్ల తలుపు కనపడి కూడా గుద్దాను. కనపడలేదని చెప్పాను. అందుకు ఈ తలుపు ఇలా ఉంది. బాగు చేయను."

ఎవరో దగ్గారు. ఒకడు, కప్పులు గెలిచినప్పుడు క్లారీని భుజాల మీద మోసినవాడే, అతని పక్కనుంచి రెండడుగులు అవతలికి జరిగాడు. షీడీ తలుపుకు ఇవ్వాల్సిన మార్కుల గడిలో సున్నా వేసింది. రిబ్బను వేరే ఊరి బండికి పోయింది.

సాయంత్రం బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. కుడి తలుపు తెరుచుకోదు కాబట్టి క్లారీ ఎడమ వైపు నుంచి ఎక్కి, పగిలిన తుంటిని చేత్తో ఎత్తుకుంటూ సీటు మీద కొస దాకా పాకాడు. మధ్యలో ఒకసారి ఆగి పళ్ళు బిగబట్టాడు. బెరిల్ బయట నిలబడి, సాయం చేయకుండా, అతను చేరేదాకా చూసింది. తర్వాత ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది.

"అన్నయ్యని వాళ్ళింటి దగ్గర దింపాలి," అంది. "మైదానం గేటు దగ్గర ఆపు."

క్లారీ గేటు దగ్గర ఆపాడు. రెగ్ వెనక తలుపు తెరిచి, వంగని కాలు సీటు మీద చాచి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్లారీ బండిని ఆరు మైళ్ళ అవతలి రెగ్ ఇంటి దారికి తిప్పాడు.